పరుపుల గదిలో రికార్డింగు

"నమస్కారం, మా పాడ్‌కాస్టుకు స్వాగతం, నేను మీ..."
చెరిపేసినా.
ఇది పదకొండోసారి.
పెండ్లి పత్రిక చదివినట్టుందని లోకనాథం నవ్వినాడు.
"గ్రాఫు చూడక్కా,
నలభయ్యో సెకనుకాడ సగం మంది దిగిపోతాండారు,
ఆదోని స్టేషన్లో ప్యాసింజరు ఆగినట్టు."

స్టూడియో అంటే ఏమో అనుకునేరు.
ఎమ్మిగనూరు రోడ్డులో నాయిన పరుపుల అంగడి, దాని వెనక గది.
మూడు పక్కల బూరుగు దూది మూటలు,
నాలుగో పక్క కుట్లు విప్పిన పాత పరుపులు,
తలుపుకు బొంత.
లోపల ఆడిన మాట మనకాడనే పడుకుంటాది.
రెండు సందుల అవతలి కుక్కర్ విజిల్ మాత్రం
ఎట్ల దూరొస్తాదో అల్లాకే తెలియల్ల.

పన్నెండోది నాయిన గడపలో నిలబడి విన్నాడు.
"నువ్వెవరని నేనడిగితినా?" అన్నాడు.
అంతే. టీ తాగను పోయినాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
నాకు ఎనిమిదేండ్లప్పుడు
నాయిన భుజాన విల్లేసుకోని
కోసిగి, పెద్దతుంబళం తిరుగుతాంటే
నీళ్ళ సీసా పట్టుకోని నేను వెనకాల.
వీధి మొగదల నిలబడి
"నేను పకీరయ్యను, దూది బాగా ఏకుతాను" అని
ఏనాడూ అన్లేదు.
నారి మీద ఒక్క దెబ్బ.
టంయ్...
తలుపులు వాటంతటవే తెర్సుకునేవి.
మూడేండ్లుగా గడ్డలమీద పొర్లుతాండే వీపులకు
ఆ మోత ఎవరిదో ఎవరు చెప్పల్ల?

తెల్లారినాక అంతా తీసేసి
ఉరుకుందమ్మ గొంతు ముందుకు తెచ్చినా.
జిన్నింగు మిల్లులో ఇరవై రెండేండ్లు చేసిన మనిషి.
"దూది అంటుకుంటే మంట ముందు కనపడదు పాపా.
ముక్కుకు తెలుస్తాది.
ముక్కును నమ్మినోళ్ళం బయటికొచ్చినాం."
ఆమె పేరు ఆ తర్వాత. మిల్లు ఇంకా తర్వాత.
నా పేరు ఐదో నిమిషంలో, అదీ ఆమె నోట్లోనే:
"ఫ్యానేసుకో ఖాసింబీ, చెమటలు కారిపోతాండావు."

గ్రాఫు కూలబడలే.
లోకనాథం మిరపకాయ బజ్జీలు తెచ్చినాడు.

ముగింపుకాడనే తన్నుకున్నా.
"విన్నందుకు ధన్యవాదాలు, నచ్చితే నలుగురికి పంపండి, గంట నొక్కండి."
పరుపు అమ్మినోడు
కొన్నోళ్ళు నిద్రపోయేదాకా మంచంకాడ నిలబడి
రేటు చెప్పినట్టుంది.

ఆ పొద్దు ఏమైందంటే,
మాటలైపోయినాయి, టీ అయిపోయింది,
ఉరుకుందమ్మ చెప్పులేసుకోని బొంత పక్కకు జరిపింది.
వెనక్కి తిరిగింది.
"ఆపినావు గదా?"
"ఆపినానక్కా."
అబద్ధం కాదు, ఆపినాననే అనుకున్నా.
అప్పుడు చెప్పింది,
ఆ రాత్రి తన చెయ్యి పట్టుకున్న పిల్ల సంగతి.
పట్టు ఎట్ల జారిందో.

ఫైలులో అంతా ఉంది. నిమిషం పదమూడు సెకన్లు.
"ఇదేనక్కా ముగింపు! ఆదోని ఆదోనంతా ఏడుస్తాది"
అని లోకనాథం లేచి నిలబడినాడు.
వాడు చెడ్డోడు కాదు. ఇరవై మూడేండ్లు, అంతే.

నేను అంగట్లోకి పోయి కూర్చున్నా.
నాయిన ఎవరిదో పరుపు కుడుతాండాడు.
ఆఖరి ముడి వేసి, దారం తెంపి,
దబ్బనం మొనతో ఆ ముడిని దూదిలోపలికి తోసినాడు.
పైన అరచేత్తో తుడిచినాడు.
ఏమీ లేనట్టుంది.

వెనక్కొచ్చి కోసినా.
చెప్పుల చప్పుడు ఉంచినా, బొంత జరిగిన చప్పుడు ఉంచినా,
ఆమె తిరిగి తీసుకున్న ఊపిరి, సగం.
ఆ మీదట నాలుగు సెకన్లు ఏమీ లేదు.
ధన్యవాదాలు లేవు. గంట లేదు.

గుంతకల్లు నుంచి ఒకాయన ఫోన్ చేసినాడు,
"డేటా అయిపోయిందేమోనని రీచార్జి చేసుకున్నానమ్మా" అని.
ఆయప్పకు ఏం చెప్పల్ల? సారీ చెప్పినా.

నాయిన ఫోను చెవికానించుకోని చివరిదాకా విన్నాడు.
నాలుగు సెకన్లూ విన్నాడు.
"ఏదో చెప్పబోయింది గదా ఆయమ్మ?"
"ఊ."
చానాసేపు దూది గిల్లుతా కూర్చున్నాడు.
తర్వాత
"పద్దెనిమిదో నిమిషంలో కుక్కర్ వినపడింది,
చూసుకో" అన్నాడు.